కళ్లజోడు కొనేటప్పుడు పేరు కాదు, అంకెలు చూడండి

ఫిల్మ్ నగర్‌లో కాపురం ఉంటే ఒక చిక్కుంది. పిల్లలు ఏది కావాలన్నా, ముందు అది ఏ హీరోయిన్ పెట్టుకుందో చూపిస్తారు. మా అమ్మాయికి రెండు కళ్లకీ మైనస్ ఆరు పవర్. ఇంటర్‌లో ఎవరో "సోడాబుడ్డి" అన్నారట, అప్పట్నుంచి నలుగురిలోకి వెళ్తే జోడు తీసేస్తుంది. పెళ్లిళ్లలో మెట్లు కనబడక నా చెయ్యి పట్టుకుని దిగుతుంది. ఇంజనీరింగ్‌లో కూడా ఇలాగే ఉంటే బోర్డు ఏం కనిపిస్తుంది? అందుకే ఈసారి ఖర్చు కాస్త ఎక్కువైనా, ఇష్టంగా పెట్టుకునే డిజైనర్ ఫ్రేమే కొందామనుకున్నాం.

ముందు పవర్ కంటి డాక్టరు దగ్గర చూపించాం. మీరూ అలాగే చేయండి. మనకి దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. ఎన్టీఆర్‌ని 'మనదేశం'తో తెరకి పరిచయం చేసిన దర్శకుడే ఆ ప్రసాద్ గారు. ఆ కుటుంబం ఇచ్చిన స్థలం, కోటి రూపాయల విరాళంతో 1987లో ఆ ఆసుపత్రి మొదలైంది.

ఇక జూబ్లీహిల్స్‌లో షాపుకి వెళ్తే, అమ్మాయి సినిమాలో చూసిన పెద్ద గుండ్రటి ఫ్రేమే పట్టుకుంది. అక్కడి పెద్దాయన నవ్వి, "సినిమా జోళ్లకి చాలాసార్లు పవరే ఉండదమ్మా. నీ అద్దం మధ్యలో పల్చన, అంచుల్లో మందం. ఫ్రేము పెద్దదైతే ఆ మందమంతా బయటికి కనిపిస్తుంది" అన్నారు.

కాడ లోపల అంకెలు చూపించారు: 54, 18, 140. వరుసగా అద్దం వెడల్పు, ముక్కు దగ్గర ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 72. మా అమ్మాయి కంటిపాపల మధ్య దూరం 62. ఈ రెండు లెక్కలూ ఎంత దగ్గరగా ఉంటే అంచు అంత పల్చన. 46, 18 ఉన్న ఫ్రేము పెట్టి చూస్తే కళ్లు అద్దం మధ్యకొచ్చాయి, ముఖం కళగా కనిపించింది. అద్దాలు కూడా హై ఇండెక్స్‌వి వేయించాం. కాలేజీ గుర్తింపు కార్డు ఫొటోకి అది జోడు తీయలేదు!

పేరు చూసి మాత్రం మోసపోకండి. ప్రాడా, వెర్సాచే లాంటి ఫ్యాషన్ సంస్థల జోళ్లను లైసెన్సు మీద తయారుచేసేది ఇటలీ కంపెనీ లక్సోటికా. రేబాన్ కూడా 1999 నుంచి దానిదే. కాబట్టి పేరుతో పాటు పనితనం చూడాలి. కాడలు తెరిచి బల్ల మీద పెడితే ఊగకూడదు. నవ్వితే బుగ్గలు తగిలి ఫ్రేము పైకి లేవకూడదు. ఎసిటేట్ ఫ్రేమైతే వేడిచేసి చెవి వెనక వంపు సరిచేయించుకోవచ్చు. మా అత్తగారికి నికెల్ పడక ముక్కు మీద దద్దుర్లొచ్చేవి. టైటానియంకి మారాక తగ్గాయి, బరువూ తెలియడం లేదంటారు.

నలభై దాటాక మనకీ చత్వారం వస్తుంది. అప్పుడు ఫుట్‌పాత్ మీద దొరికిన జోడుతో సరిపెట్టుకోకండి. బియ్యంలో రాళ్లు ఏరేదీ, పిల్లల ఫీజు రసీదు చదివేదీ మన కళ్లే కదా!