పరిచర్యలో పాట

వార్ధక్యంలో మనిషిని విడిచిపోయే శక్తులలో జ్ఞాపకశక్తి పోవడం మిక్కిలి దుఃఖకరమైనది. కన్ను మసకబారితే కళ్ళజోడున్నది. కాలు తడబడితే చేతికర్ర ఉన్నది. కన్నకూతురి పేరే మరచిన తల్లికి ఊతమేది? 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వర్ణించిన వ్యాధి ఈనాడు డిమెన్షియాకు ప్రధాన కారణమని వైద్యశాస్త్రం చెబుతున్నది. దానిని పూర్తిగా నయంచేసే ఔషధం నేటికీ లేదు. అందువలన రోగి దినచర్యలో వైద్యుని కంటె నర్సుకు, ఇంటిలో సేవచేసేవారికి ఎక్కువ బాధ్యత ఏర్పడుతున్నది. ఆ పరిచర్యలో పాటకు గల స్థానమేమిటో విచారించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

వ్యాధి ముదిరినవారికి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తల దువ్వడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. "చేయి పైకెత్తండి" అంటే ఆ మాటకు అర్థం తోచదు. ఎవరో అపరిచితులు తన బట్టలు విప్పుతున్నారన్న భయం మాత్రం కలుగుతుంది. ఆ భయమే కోపంగా మారి అరుపులకు, పెనుగులాటకు దారితీస్తుంది. చూచేవారు దానిని మొండితనం అంటారు.

ఈ చిక్కును స్వీడన్ దేశంలో ఎవా గోటెల్, స్టీవెన్ బ్రౌన్, సిర్కా లీసా ఎక్మన్ అనే పరిశోధకులు పరిశీలించి 2002లో ప్రకటించారు. వారు ఉదయపు పరిచర్యను మూడు విధాలుగా జరిపించి చూచారు. మొదటిది మామూలు పద్ధతి. రెండవది గదిలో రికార్డు సంగీతం వినిపిస్తూ చేయడం. మూడవది సేవచేసే వ్యక్తి తానే పాడుతూ చేయడం. పాడుతున్నప్పుడు పరిచారికలు ఆదేశాలు బాగా తగ్గించారు. అయినా రోగులు జరుగుతున్న పనిని మరింతగా గ్రహించినట్లు కనిపించింది. సంగీతం వినిపించినపుడు, పాట పాడినపుడు రోగుల వంగిన నడుము నిటారైందని, కదలికలలో బలం వచ్చిందని వారే 2003లో వివరించారు.

అయితే ఏ పాటైనా సరిపోతుందా? అమెరికాలో లిండా గెర్డ్‌నర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 39 మంది వృద్ధులపై జరిపిన అధ్యయనం 2000లో వెలువడింది. అందరికీ ఒకే ప్రశాంత శాస్త్రీయ సంగీతం వినిపించినప్పటి కంటె, ఎవరికి ప్రియమైన సంగీతం వారికి వినిపించినపుడే అలజడి ఎక్కువగా తగ్గింది. చిరకాలంగా ఎరిగిన పాటలను గుర్తించే మెదడు భాగాలు అల్జీమర్ వ్యాధిలో తక్కువగా క్షీణిస్తాయని 2015లో జర్మనీ పరిశోధకులు సూచించారు.

ఈ మాటలోని నిజాన్ని మేము మా ఇంటిలోనే కొంత చూచాము. మా అమ్మమ్మగారిని నానీ అని పిలిచేవాళ్ళం. కడపటి మూడేళ్ళలో ఆమెకు మేమెవరమో తెలియదు. దువ్వెన చూస్తే చాలు, చేతులు అడ్డం పెట్టుకొనేవారు. మా అమ్మ ఆమె వెనుక కూర్చుని, నానీ తన బిడ్డలకు పాడిన ఉర్దూ లోరీని మెల్లగా అందుకొనేది. నానీ చేతులు దిగేవి. ఒకొక్కసారి తాను కూడా గొంతు కలిపి, లోరీ నడుమ పొరుగింటివారి వద్ద నేర్చిన తెలుగు తిరగలి పాటను జోడించేవారు. జడ పూర్తయ్యాక "బేటీ, నువ్వెవరి పిల్లవు?" అని అమ్మనే అడిగేవారు. పాట ఆమెకు కూతురి పేరును తిరిగి ఇవ్వలేదు. ఆ పావుగంట భయం లేకుండా గడిపే అవకాశం ఇచ్చింది.

అంతకు మించి ఆశపెట్టడం న్యాయం కాదు. 22 పరిశోధనలను సమీక్షించి 2018లో వెలువరించిన కొక్రేన్ నివేదిక, సంగీతంతో కూడిన చికిత్స వలన మనోవ్యాకులత కొంత తగ్గవచ్చునని, జ్ఞాపకశక్తిలో మాత్రం మార్పు దాదాపు ఉండదని తెలిపింది. పైగా హోరెత్తే రేడియో రోగిని మరింత బెదరించవచ్చు. ఒక పాట పాత దుఃఖాన్ని లేపవచ్చు. ముఖం చూస్తూ పాడాలి, ముఖం మారితే ఆపాలి. ఈ గమనింపు యంత్రానికి సాధ్యం కాదు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని అంచనా వేసింది. ఎవరి పాట ఏదో వ్యాధి ముదిరిన తరువాత రోగి చెప్పలేకపోవచ్చు. కావున విద్యార్థి మిత్రులకు మా మనవి: రానున్న సెలవులలో మీ ఇంటి పెద్దలను అడిగి, వారి బాల్యంలో, యౌవనంలో విన్న పాటలను ఉర్దూలోగాని తెలుగులోగాని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనండి. ఏ పాటకు నవ్వారో, ఏ పాటకు కంట తడిపెట్టారో కూడా ప్రక్కనే గుర్తు పెట్టండి. కళాశాల కమిటీ పెద్దలు ఒక సాయంత్రం ఆ పాటలు పాడుకొనే సభ ఏర్పాటుచేస్తే, పిల్లలకు పాటలతోపాటు వరుసలు కూడా పట్టుబడతాయి.