మొహావీ యెడారిలో కాలినడక

మా యమ్మాయి కాపురము కాలిఫోర్నియా రాష్ట్రమున. గత వైశాఖమున మేమచ్చటికి బోయినపుడు, "అమ్మా, మొహావీ యెడారిలో రెండు దినములు నడచి వత్తము, రాగలవా?" యని యడిగినది. తిరుపతి మెట్లెక్కిన కాళ్లే గదా యని యొప్పుకొంటిమి.

పసిఫిక్ క్రెస్టు బాట మెక్సికో సరిహద్దు మొదలు కెనడా సరిహద్దు వఱకు 2,650 మైళ్లు సాగును. దక్షిణమున తొలి 700 మైళ్లలో హెచ్చుభాగ మెడారియే. మేము నడచినది టెహాచపి కొండలక్రింది చిన్న తునుక. అచ్చట లాస్ ఏంజెలెస్ పట్టణమునకు నీరు గొనిపోవుటకై 1913లో తెఱచిన కాలువ మీదుగనే బాట పోవును. కాలువకు మూతవేసియుండుటచే పాదముల క్రింద నీరున్నను బాటసారికి గ్రుక్కెడైన నందదు.

మనిషి కాఱు లీటర్ల నీరు మోసితిమి. నడుమ నొక కొళాయి కలదని నమ్మి వెళ్లగా నది యెండియుండెను. అన్నములోనికి ఆవకాయ తెచ్చుకొనుట మా బుద్ధితక్కువ, దాహ మినుమడించెను. ఇంటిలో బిందెలు బిందెలు పాఱబోయు మేము ఆనాడు మూతతో కొలిచి త్రాగితిమి.

దారి పొడవున జాషువా వృక్షములు. ఇవి మన పొలముగట్ల కిత్తనారకు దాయాదులు. బాకులవంటి ఆకులు, పైకెత్తిన చేతులవంటి కొమ్మలు. దీని పువ్వునకు చిన్న రెక్కల పురుగొక్కటియే గతి. అది పుప్పొడి నోట గఱచి తెచ్చి కీలాగ్రమున నద్ది, యా పువ్వులోనే గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లలు కొన్ని గింజలు తినును. తక్కినవి చెట్టునకు మిగులును.

"అమ్మా, వీనికి పిల్లలెక్కడ?" అన్నది మా యమ్మాయి. అప్పుడు గాని మేము గమనింపలేదు. కాయలున్నవి, ముసలిచెట్లు ఇంటి యెత్తున నున్నవి, మొలక మాత్ర మొక్కటియు కానరాదు. పెద్దచెట్టు దాచుకొన్న నీటితో కఱవు కాలము గడుపుకొనును. మొలకకట్టి నిలువ లేదు. వరుసగా కొన్ని తడియేండ్లు కావలెను. ఎండలు హెచ్చి వానలు తప్పుచున్న తక్కువ యెత్తు ప్రదేశములం దిట్లే ముసలిచెట్లు మాత్రము మిగిలియుండుట శాస్త్రజ్ఞులును చూచియున్నారు.

పరదేశపు గడ్డి యొకటి చెట్ల సందులందు వ్యాపించి, యెండి, నిప్పునకు దారి చేయుచున్నది. 2020 ఆగస్టులో ఈ యెడారిలోనే మఱియొకచోట 43,000 ఎకరములకు పైగా తగులబడి, సుమారు 13 లక్షల జాషువా వృక్షములు నశించెనని యంచనా.

పక్షుల సంగతియు నట్టిదే. జోసెఫ్ గ్రిన్నెల్ అను పండితుడును సహచరులును 1908 మొదలు వ్రాసియుంచిన పక్షుల లెక్కలు పట్టుకొని తరువాతివారు మరల నా చోట్లనే వెదకిరి. చోటు చోటున సగటున నూటికి 43 జాతులు లేకపోయెనని 2018లో ప్రకటించిరి. వేడి హెచ్చినకొలది ఒడలు చల్లార్చుకొనుటకు పిట్టకు నీరెక్కువ కావలెనట.

రెండవనాటి నడక మానుకొని, ఆ రాత్రి వెన్నెలలోనే తిరుగుముఖము పట్టితిమి. తెల్లవారుచుండ నొక ముండ్లపొద నీడలో జానెడు జాషువా మొలక కనబడెను. పొద చాటున నెండ తగులక బ్రదికినది కాబోలు. సీసాలో మిగిలిన నీళ్లు దానికి పోయబోతిమి. అమ్మాయి మా చేయి పట్టుకొని, "బండి చేరుటకు ఇంక నాలుగు మైళ్లున్నదమ్మా" అన్నది.

సీసా మూత బిగించితిమి.