నల్లని తెర

మా భాయిజాన్ ఆరు నెలల జీతంలో కొద్దికొద్దిగా మిగిల్చి, నా చదువు నిమిత్తం ఒక మానిటరు కొని తెచ్చినారు. లోపమున్నచో ఏడు దినములలో తిరిగి తీసుకొందునని దుకాణదారు మాట ఇచ్చినాడట.

ఆ రాత్రి తలుపు మూసి, దీపమార్పి, తెర నిండా నల్లని చిత్రం నిలిపినాను. క్రింది ఎడమ మూలన పాలు ఒలికినట్లు తెల్లని మరక! మనసు చివుక్కుమన్నది.

ఎల్.సి.డి. తెరకు స్వయంప్రకాశం లేదు. వెనుకనున్న దీపాల వెలుగును ద్రవస్ఫటికాలు అడ్డగించినప్పుడే మనకు నలుపు కనబడుతుంది. ఆ అడ్డు సంపూర్ణం కాదు. చట్రం ఒకచోట ఎక్కువ బిగిసినా అంచున వెలుగు కారుతుంది. ప్రతి బిందువూ తానే వెలిగే ఓలెడ్ తెరలకు ఈ బాధ లేదు గాని, వాటి ధర మా ఇంటికి అందనిది. ఐ.పి.ఎస్. తెరల మూలలు ప్రక్కచూపుకు మెరయడం సహజం. ఆ మెరుపు మన తలతోపాటు కదులుతుంది. కారే వెలుగు కదలదు.

తల అటూ ఇటూ త్రిప్పినాను. మరక కదలలేదు. ఫోనుతో ఫోటో తీయగా మంటవలె కనిపించినది. చీకటిలో కెమెరా వెలుగును హెచ్చించి చూపుతుంది గనుక ఆ సాక్ష్యాన్ని త్రోసిపుచ్చినాను. ప్రకాశాన్ని రోజూ చదువుకొనే స్థాయికి తగ్గించి, అరగంట ఆగి, చేయిచాపు దూరాన కూర్చుండి చూచినాను. సన్నగిల్లినది, పోలేదు.

భాయిజాన్ వచ్చి, "బాగున్నదా?" అని అడిగినారు. అబద్ధమాడలేక చూపించినాను. చాలసేపు చూచి, "ఏ మూల?" అన్నారు. వ్రేలు పెట్టి చూపినాను.

"రసీదు ఎక్కడ పెట్టినానో వెదుకు" అన్నారు.