జొన్నరొట్టెయు, పదివేల యడుగులును

ఈ కాలమున నలుగురు స్త్రీలు కూడినచోట చీరల ప్రసంగమునకు ముందే పథ్యముల ప్రసంగము వచ్చుచున్నది. ఒకామె అన్నము మానితి ననును. ఇంకొకామె దినమునకు పదునాఱు గంటలు ఏమియు ముట్ట ననును. మఱియొకామె చేతి గడియారమును చూచుకొని, నేటికింకను రెండువేల యడుగులు తక్కువైనవని వసారాలో నిటునటు తిరుగును. ఇందులో మేలెంత, వేలంవెఱ్ఱి యెంత యని తేల్చుకొనుట గృహిణికి చిన్న విషయము కాదు. ఇంటిలో నెవరేమి తినవలెనో నిర్ణయించునది యామెయే. ఆ నిర్ణయము తప్పినచో ముందుగా చెడు దేహమును తఱచుగా నామెదే.

మొన్నటి దసరా సెలవులలో మేము నల్లగొండనుండి పాలమూరునకు పోయి వచ్చితిమి. పాలమూరనగా మహబూబ్‌నగరమే, ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను పేరిట 1890లో నాయూరికా పేరు కలిగినది. బంధుదర్శనమే మా పని. కాని త్రోవపొడుగున చూచినదియు విన్నదియు నీ పథ్యవిచారమునకే యుపకరించినది కనుక, సోదరీమణులతో చెప్పుకొనుచున్నాము.

బయలుదేఱిన నాటి యుదయమున నల్లగొండ చెంతనున్న పానగల్లు చెఱువుకట్టపైకి పోతిమి. కందూరు చోడుల కాలపు ఛాయాసోమేశ్వరాలయ మా దాపుననే యున్నది. పూర్వము తెల్లవారుచుండగా కట్టపై నడచువారికి ఏదో యొక పని యుండెడిది. ఇప్పుడు నడకయే పని. కట్ట దిగువను తోపుడుబండిమీద జొన్నజావ, రాగిజావ, మొలకగింజలు అమ్ముచున్నారు. నడక ముగించి వచ్చిన యొక గృహిణి జావలోటా చేతబట్టుకొని, "జొన్నలను మించిన మందు లేదండి. షుగరు, బరువు అన్నీ తగ్గుతాయి" అని మాతో ననెను.

జొన్నకీ గౌరవము క్రొత్తగా వచ్చినది. ఈ మెట్టసీమలో జొన్నరొట్టె, గట్క, అంబలి తరతరములుగా బీదవాని కూడు. వరియన్నము పండుగనాటి భోజనము. 1983లో ప్రభుత్వమువారు కిలో రెండు రూపాయలకు బియ్యము నీయ నారంభించినపిదప నింటింట వరియన్నము నిలిచినది, జొన్న వెనుకబడినది. మరల 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటతో పట్టణములందు దానికి మన్నన హెచ్చినది. మన యవ్వలు లేమివలన తిన్నదానిని మనము కలిమివలన తినుచున్నాము.

ఆమె పొగడ్త వట్టిది కాదు. తెల్లగా మరపట్టించిన బియ్యముకంటె జొన్నలో పీచెక్కువ. అన్నమునకు బదులుగా తిన్నచో మేలే. కడుపునిండ నన్నము తిని పైన జొన్నజావ త్రాగినచో బరువెట్లు తగ్గును? మఱియు రొట్టె వేఱు, జావ వేఱు. మెత్తని పిండిని పలుచగా కాచి బెల్లము కలిపి త్రాగినప్పుడు రక్తమునకు చక్కెర వేగముగా చేరును. కనుక ధాన్యము పేరు వినినంతమాత్రమున తీర్పు చెప్పరాదు.

ఈ సంగతి మన ప్రాచీనులకు తెలియనిది కాదు. చరకసంహిత విమానస్థానమున ఆహారమును పరీక్షించుటకు ఎనిమిది విషయములు చెప్పబడినవి. ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. వాడుకమాటలలో చెప్పవలెనన్న, వస్తువు స్వభావమేమి, వండినతీరేమి, దేనితో కలిసినది, ఎంత, ఏ సీమలో, ఏ కాలమున, ఏ నియమముతో, తినువారెవరు అనునవి. నేటి పథ్యప్రచారము తఱచుగా మొదటిదానితోనే ఆగిపోవుచున్నది. తక్కిన యేడింటిలో నేమున్నదో మఱ్ఱిగూడ చేరినపిదప మాకు కన్నులార కనబడినది.

మఱ్ఱిగూడ మండలము నల్లగొండ జిల్లాలోనిదే. అచ్చటి భూగర్భజలములందు ఫ్లోరైడు మిక్కుటము. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు పెట్టినది. ఆ హద్దును దాటిన నీటినే యచ్చటివారు ఏండ్లతరబడి త్రాగిరి. పండ్లు గారపట్టుట, నడుము వంగుట, మోకాళ్లు లోపలికి వంగి పాదములు ఎడమగుట అచ్చటి యింటింటి కథ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ మోకాళ్ల వైకల్యమును గుఱించి 1973లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. జొన్న ముఖ్యాహారముగా గలవారిలో నది కనబడుట వారి దృష్టికి వచ్చినది. వరియన్నము తినువారి శరీరమునకంటె జొన్న తినువారి శరీరమున ఫ్లోరైడు ఎక్కువగా నిలుచుచున్నదని 1977లో నింకొక పరిశోధన తెలిపినది.

పానగల్లు కట్టపై మందైన జొన్న, నలువది మైళ్లైన లేని మఱ్ఱిగూడలో నా నీటితో కలిసినప్పుడు వ్యాధికి తోడైనది. దీనికే సంయోగమనియు, దేశమనియు పేర్లు. ఇది విని జొన్నను దూషింపరాదు. మేము కొంతసేపు కూర్చున్న యింటి యరుగుమీద నడుము వంగిన యొక యవ్వ యుండెను. తల పూర్తిగా పై కెత్తలేక, ప్రక్కకు త్రిప్పి మమ్ము చూచెను. జొన్నల మాట యెత్తగా, "జొన్నల ఏం తప్పున్నది బిడ్డా? మా బాయి నీళ్లల్లనె ఉండె రోగం. గట్క తాగి పొద్దంత నాట్లేసినం, కలుపు దీసినం" అనెను. శాస్త్రజ్ఞులు చెప్పిన సారమంతయు నా ముసలామె మాటలలో నున్నది. ఇప్పుడా యింటి ముంగిట మిషన్ భగీరథ కుళాయిలో కృష్ణానీరు వచ్చుచున్నది. మనుమలు నిటారుగా పరుగెత్తుచున్నారు. ఆ బిడ్డల కాళ్లు చక్కబడుటకు ఏ పథ్యమును కారణము కాదు, నీరు కారణము.

అటనుండి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పాలమూరు దారి. దేవరకొండలో రేచర్ల పద్మనాయకుల దుర్గమును దూరమునుండియే నమస్కరించి సాగితిమి. త్రోవకిరువైపుల జొన్నచేలకంటె ప్రత్తిచేలే యెక్కువ. నడుమ నడుమ ఆముదపుచేలు. బాలానగరు పేరు మోసిన సీతాఫలములు గంపలతో అమ్మవచ్చినవి. ప్రత్తియేరు స్త్రీలు నడుమునకు ఒడిసంచి కట్టుకొని వంగినవారు వంగినట్లే యున్నారు. పాలమూరు కూలీలనగా దేశమంతట పేరు. ఈ సీమవారు చేతులాడింపనిదే కట్టబడిన యానకట్టలు అరుదని చెప్పుకొందురు. వలస పోయిన కుటుంబములలో మగవాడు గడ్డపార పట్టగా, ఆడుది మట్టితట్ట మోసెడిది.

వారికి వ్యాయామము చేయుడని యెవడైన చెప్పునా? వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలము గలవాడు, స్నిగ్ధమైన భోజనము చేయువాడు తన శక్తిలో సగమువఱకే వ్యాయామము చేయవలెనని నియమించెను. కూలిస్త్రీ తన శక్తి నంతటిని వెచ్చించును; స్నిగ్ధభోజనమో, కలలోని మాట. వ్యాయామము వేఱు, కాయకష్టము వేఱు. మొదటిదాని తరువాత విశ్రాంతియు తిండియు నుండును. రెండవదాని తరువాత నింటిపని యుండును.

మహబూబ్‌నగరమున మా పెద్ద తోడికోడలిగారి యింట దిగితిమి. ఈ సీమలో తోడికోడలిని యారాలందురు. ఆమె కోడలు ముప్పదియేండ్లది, ఇద్దరు బిడ్డల తల్లి, చక్కగా చదువుకొన్నది. రెండవ కాన్పు తరువాత ఒళ్లు వచ్చినదని, ఊరిలోని యొక బరువు తగ్గించు సంఘమున చేరి రెండు నెలలైనది. ఉదయమున డబ్బాలోని పొడిని నీటిలో కలిపి త్రాగును, రాత్రియు నంతే, నడుమ నొక్క భోజనము. ఆ డబ్బా యొక్క దాని వెలకు పాతిక కిలోలకు మించి జొన్నలు వచ్చును. "బరువు ఆరు కిలోలు తగ్గిన, చిన్నత్తమ్మా" అని మొదట సంతోషముగా చెప్పెను. రెండవనాడు మేడమెట్లెక్కుచు నడుమ నాగి గోడ పట్టుకొనెను. "కండ్లు తిరుగుతున్నయి. ఒంట్లె విషం పోయేటప్పుడు గట్లనె అయితదట" అనెను.

ఆ మాటయే మమ్ము భయపెట్టినది. బాధ కలిగినప్పుడు అది బాగుపడుటకు గుర్తని చెప్పు పద్ధతి యెంత ప్రమాదకరము! అట్టి నమ్మకము గలవారు వైద్యునియొద్దకు పోరు. అదేసమయమున నంట్లు తోముటకు వచ్చిన స్త్రీ, "నాకు గూడ పొద్దుగాల గట్లనె తిరుగుతది అమ్మా" అని నవ్వెను. ఆమె యుదయమున చాయ త్రాగి మూడిండ్లలో పనిచేసి, మధ్యాహ్నమునకు గాని మెతుకు ముట్టదు. ఇరువురిని సర్కారు దవాఖానకు తీసికొనిపోయి రక్తము పరీక్ష చేయించితిమి. వయసు వచ్చిన స్త్రీకి హీమోగ్లోబిను 12 గ్రాములైన నుండవలెను. కోడలికి 9.1, పనిచేయు నామెకు 8.4. ఒకతె యుండి తినలేదు, ఒకతె లేక తినలేదు. రక్తము మాత్ర మిరువురికిని తక్కువే.

ఇది యీ యిద్దరి కథ మాత్రమే కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము తెలంగాణమున పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్లవఱకు గల స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధికపు బరువుతో నున్నారు. సుమారు 19 మంది యుండవలసిన దానికంటె సన్నగా నున్నారు. 57 మందికి పైగా రక్తహీనులు. అనగా బరువు హెచ్చినవారిలోను రక్తము కొఱవడినవారు గలరు. ప్రజలను ముంచెత్తుచున్న పథ్యము లన్నియు "మానుము" అనునవే. మన స్త్రీలలో పెక్కుమందికి కావలసినది "చేర్చుము" అనునది: పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు, నిమ్మ, ఉసిరిక. జొన్నలోను పప్పులోను గల యినుమును దేహము సులభముగా గ్రహింపలేదు. పుల్లని పండ్లు తోడైన గ్రహించును, భోజనముతోపాటే చాయ త్రాగిన చెడగొట్టుకొనును. చింతచిగురుపప్పుపై నిమ్మరసము పిండుకొనుటకు ఏ డబ్బాయు కొననక్కఱలేదు.

మఱునాడు తెల్లవారుజామున కోడలిని వెంటబెట్టుకొని పిల్లలమఱ్ఱికి పోతిమి. కొన్ని యెకరములు ప్రాకిన ఆ వటవృక్షమునకు చెదలు పట్టి, 2017 డిసెంబరులో నొక మహాశాఖ విరిగిపడినది. 2018లో మనుష్యులకు సెలైను ఎక్కించినట్లే చెట్టుకు సీసాలతో చెదలమందు ఎక్కించిరి. బరువైన కొమ్మలకు ఊతకంబములు కట్టిరి. ఆ చెట్టుకు వచ్చిన రోగమేమో తెలిసికొనినపిదపనే దానికి మందు వేసిరని కోడలితో నంటిమి. ఆమె నవ్వి, చేతి గడియారము చూపి, పదివేలు నడిస్తేనే లాభమట గదా యని యడిగెను.

ఆ పదివేల యంకె వైద్యులు మొదట చెప్పినది కాదు. 1965లో జపానుదేశమున నడుగులు లెక్కించు యంత్రమొకటి అమ్మకమునకు వచ్చినది. దాని పేరునకే "పదివేల యడుగుల కొలత" యని యర్థము. అమెరికాలో సగటున డెబ్బదిరెండేండ్ల వయసు గల 16 వేలమందికి పైగా స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన దానిలో, దినమునకు 4,400 అడుగులు నడచువారికే మేలు స్పష్టముగా కనబడినది. 7,500 దాటినపిదప నా మేలు హెచ్చలేదు. వయసు వచ్చినవారికి వారమునకు నూటయేబది నిమిషములు కొంచెము ఆయాసమగునట్లు నడచుటయు, రెండు దినములు కండలకు బలమిచ్చు పనియు చాలునని ప్రపంచారోగ్యసంస్థ 2020లో చెప్పినది. ఇది ధనము కోరని వ్యాయామము. పనిచేయు నామె పట్టపగటిలోపల నెన్నివేల యడుగులు వేయునో యెవరును లెక్కింపరు. ఆమెకు నడక కాదు, నడుమ పలహారము కావలెను.

అట్లని క్రొత్త పథ్యములన్నియు మోసమనుట న్యాయము కాదు. అన్నము తగ్గించుటవలన బరువును చక్కెరయు తగ్గినవారు గలరు. కాని మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు వైద్యుని యడుగక యొక్కమాఱుగ నన్నము మానినచో రక్తమున చక్కెర ప్రాణాపాయకరముగా పడిపోవచ్చును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, ఎదుగు బాలికలును ఉపవాసపు పథ్యముల జోలికి పోరాదు. జాతీయ పోషకాహార సంస్థవారు 2024 మే నెలలో ప్రకటించిన పదునేడు సూత్రములలో, కండలకొఱకై మాంసకృత్తుల పొడులను వాడవలదనియు హెచ్చరించిరి.

కావున సోదరీమణులారా, ఎవరైన నొక పథ్యమునో వ్యాయామమునో పొగడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది యెవరి దేహమునకు చెప్పినది? మన నీటితో, మన పనితో, మన వయసుతో పొసగునా? ఆఱు నెలలు కాదు, పదేండ్లు మన వంటింట సాగునా? చెప్పువానికి దీనివలన అమ్మకమేమైన నున్నదా? నాల్గింటికిని తృప్తికరమైన యుత్తరము దొరకినచో ఆచరింపుడు. అంతకుముందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తము పరీక్ష చేయించుకొనుడు.

పాలమూరు విడుచునాటికి కోడలు మూడు పూటలు కూర్చుండి తినుచుండెను; ఇనుపమాత్రలు మ్రింగుచుండెను; ఉదయమున అరగంట నడచుచుండెను. డబ్బా అలమరలోనే యున్నది. దానికంటె మాకు సంతోషము కలిగించినది వేఱొకటి. మా తోడికోడలుగారు అంట్లు తోము నామెకు ప్రొద్దున రాగానే రెండు జొన్నరొట్టెలును, పప్పును పెట్టి, అవి తినినపిదపనే పని మొదలుపెట్టుమని నియమము చేసిరి.