ఊరు కట్టే ఆటలో దొరకని జవాబు



"మేడం, మా బాబు కంప్యూటర్‌లో ఈజిప్టు ఊళ్ళు కడుతున్నాడు. అది చదువా, టైం వేస్టా?" ఈ మధ్య మీలో కొందరు అడుగుతున్న ప్రశ్న ఇది. ఆడి చూడకుండా జవాబు చెప్పడం నాకిష్టం లేదు. అందుకే దసరా సెలవులకు ఆదిలాబాద్‌లో మా ఇంటికి వెళ్ళినప్పుడు, తమ్ముడి కంప్యూటర్‌లో రోజుకో గంట ఆడాను. నాకు కలిగిన మొదటి అభిప్రాయాలు మీతో పంచుకుంటాను.

గేమ్ పేరు 'ఫారో: ఎ న్యూ ఎరా'. 1999లో వచ్చిన 'ఫారో'కి ఇది 2023లో వచ్చిన కొత్త రూపం. నైలు నది ఒడ్డున ఖాళీ జాగా ఇస్తారు. మనం రోడ్డు వేసి, ఇళ్ళ స్థలాలు చూపిస్తే జనం మూటాముల్లె సర్దుకుని వస్తారు. నీళ్ళు, తిండి, కుండలు ఒక్కొక్కటీ అందుతుంటే గుడిసె మెల్లగా మంచి ఇల్లవుతుంది. అవి అందడం ఆగితే ఆ ఇల్లే మళ్ళీ గుడిసె స్థాయికి దిగుతుంది.

నాకు బాగా నచ్చింది, ప్రతి సౌకర్యం వెనుకా నడిచే మనిషి కనిపించడం. నీళ్ళు మోసేవాళ్ళు, బజారు నుంచి సరుకు తెచ్చే ఆడవాళ్ళు, నిప్పు అంటుకుంటే ఆర్పేవాళ్ళు వీధుల్లో తిరుగుతూనే ఉంటారు. వాళ్ళు రాని వీధికి ఆ సౌకర్యం లేనట్టే. మన వీధికి పొద్దున్నే వచ్చే చెత్త బండిని పిల్లలు కొత్తగా చూడటానికి ఇది పనికొస్తుంది.

రెండోది వరద. నైలు పొంగి ఒండ్రు తెస్తేనే పంట. వరద తక్కువైతే ఆ ఏడు తిండికి కరువు. మా ఉమ్మడి ఆదిలాబాద్ వాళ్ళకు వరద అంటే 2022 జులైలో కడెం ప్రాజెక్టు తట్టుకుంటుందో లేదోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులు గుర్తొస్తాయి. అన్నం పెట్టే నదే భయపెడుతుందని పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఈ ఆటలో ఎక్కుతుంది.

అయితే ఒక్క విషయం నన్ను ఆలోచనలో పడేసింది. ఇళ్ళు అడ్డొస్తే కూల్చేయవచ్చు. మౌస్ లాగితే చాలు, వీధి మాయం.

సెలవుల తర్వాత ఏడో తరగతిలో అడిగాను: "ఇళ్ళు కూల్చాక ఆ జనం ఎటు పోతారు?" "వేరే దగ్గర కట్టుకుంటరు మేడం" అన్నారు చాలామంది. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మా తాత వాళ్ళ ఊరు డ్యాంల మునిగింది మేడం. ఎండకాలం నీళ్ళు తగ్గితె పోయి చూసొస్తడు. వచ్చినంక ఆ రోజు సరిగ తినడు" అంది.

మనం సాయంత్రాలు కట్ట మీద గాలికి తిరిగే ఎల్‌ఎండీ పని 1974లో మొదలై 1985లో పూర్తయింది. అది పొలాలకు నీళ్ళిచ్చింది, మన కరీంనగర్ నల్లాలకూ ఇస్తోంది. దాని కోసం ఊళ్ళు విడిచినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. డ్యాం అవసరమే. వాళ్ళ బాధ కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం పిల్లలు నేర్చుకోవాలి. ఆ ఒక్కటి గేమ్ నేర్పదు.

కాబట్టి నా జవాబు: ఆడనివ్వండి, కానీ సమయం ముందే చెప్పి, పరీక్షల వారం వదిలేసి. ఒక్క రోజైనా పక్కన కూర్చుని ఈ మూడు ప్రశ్నలు అడగండి.

ఈ ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి?
ఈ ఏడు వరద తక్కువైతే ఏం చేస్తావు?
మనం ఉన్న ఈ చోట ఇంతకు ముందు ఎవరుండేవారు?

మూడోదానికి కంప్యూటర్‌లో జవాబు దొరకదు. ఇంట్లో తాతయ్యనో నానమ్మనో అడగాలి. వాళ్ళు చెప్పింది పిల్లలతో తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ అర పేజీ రాయించి క్లాసుకు పంపండి. మానేరు మ్యాపు ఒకటి పెద్ద చార్టు మీద గీస్తున్నాం. మునిగిన ఊళ్ళ పేర్లు పిల్లలే తమ చేత్తో అందులో రాస్తారు.