నిలిచిన బండి టైరు



మన మైలవరం కొండలలో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తింది. మూడవ రోజున మేము సంఘ యౌవనస్థులతో కలిసి, ఒక సహోదరుని చెరువు పడవను రెండు చక్రాల ట్రాలీ మీదికి ఎక్కించి బయలుదేరాము. జి.కొండూరు దాటగానే టైరు పేలింది. స్టెప్నీ తీసుకురాలేదు. మధ్యాహ్నమంతా రోడ్డు ప్రక్కనే ఉండిపోయాము. అక్కడ మిద్దెల మీద జనం మంచినీళ్ల కొరకు ఎదురుచూస్తున్నారు. ఆ సిగ్గు మమ్మును ఇంకా వదలలేదు.

టైరు అరగలేదు గనుక బాగున్నదనుకున్నాము. ఏండ్ల తరబడి ఎండలో నిలిచి, ప్రక్కలు బీటలు వారిన సంగతి చూడలేదు. పంక్చరు షాపు పెద్దాయన టైరు మీది నాలుగంకెలు చూపించాడు. 1216 అంటే 2016లో 12వ వారపు తయారీ. “అయ్యగారూ, తిరిగే బండి టైరు అరిగి పోతుంది, నిలిచిన బండి టైరు ఎండి పోతుంది” అన్నాడు.

తరువాత పడవ, ట్రాలీల మొత్తం బరువుకు తగిన టైర్లు, రెండూ ఒకే కొలతవి, వేయించాము. స్టెప్నీ కూడా కొన్నాము. బయలుదేరక ముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపిస్తున్నాము. చక్రాలు నీటిలో దిగితే బేరింగులకు గ్రీజు పెట్టిస్తున్నాము. పని లేనప్పుడు ఇరుసు క్రింద దిమ్మెలు పెట్టి, టైర్లపై పట్టా కప్పుతున్నాము.

మీ ఇంటి ట్రాలీ టైర్లను ఈ వారమే ఒకసారి వంగి చూడండి. ఆపద కబురు పెట్టి రాదు గదా!