చుట్ట కాలినంతసేపు

మా శబరి ఒడ్డు కోయగూడెంలో చిత్రమూలం అందరికీ తెలిసిన మొక్కే. కంచెల పక్కన, చెట్ల నీడన పెరుగుతుంది. తెల్లని పూలు. పువ్వు కింద జిగురు ఉంటుంది. చిన్నప్పుడు మేం ఆ పూలను చెవులకు కమ్మల్లా అంటించుకుని తిరిగేవాళ్లం. వేరు జోలికి మాత్రం పెద్దమ్మ పోనిచ్చేది కాదు. "పువ్వుతో ఆడుకోండి, వేరుతో కాదు" అనేది.

మోకాళ్ల నొప్పులని వచ్చిన వాళ్లకు పెద్దమ్మ ఆ వేరే నూరి పట్టు వేసేది. వేసి, పక్కనే కూర్చుని చుట్ట ముట్టించేది. చుట్ట అయిపోగానే పట్టు తీసి, కడిగి, ఇప్పనూనె రాసేది. అది ఆమె చుట్ట అలవాటనుకున్నాం. అదే ఆమె గడియారమని మాకు తెలియలేదు.

పెద్దమ్మ పోయాక మూడో ఏడు, నాట్లప్పుడు మా అన్న మోకాలు పట్టేసింది. మేమే వేరు తవ్వాం, మేమే నూరాం. ఎంతసేపు ఉంటే అంత గుణమనుకుని, గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాం. తెల్లారి విప్పితే గుడ్డతో పాటు తోలు ఊడొచ్చింది. చుట్టూ నీటి బొబ్బలు. ఆసుపత్రిలో నెల రోజులు కట్లు కట్టించుకున్నాడు. ఆ ఏడు మా చేను సగం బీడు పడింది.

తర్వాత చదువుకున్నాం. ఆ వేరులో ప్లంబాజిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంది. తోలును కాల్చేది అదే. ప్రయోగశాలల్లో కొన్ని క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపిందీ, కొన్ని సూక్ష్మజీవులను చంపిందీ అదే. ఎలుకల్లో గర్భం నిలవకుండా చేసిందీ అదే. మందు ఒక చోట, విషం ఇంకో చోట లేవు. గాజు పళ్లెంలో కణాల మీద పనిచేసిందని మనిషి ఒంట్లోనూ మందవుతుందని కాదు. ఆయుర్వేదంలోనూ ఈ వేరు ముక్కలను సున్నపు తేటలో నానబెట్టి, దాని తీవ్రత తగ్గించాకే వాడతారు.

అప్పుడు పెద్దమ్మ ఇంకో పని గుర్తొచ్చింది. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే ఆమె ఆ వేరును గడప దాటనిచ్చేది కాదు. నూరిన రాయిని ఏటి దగ్గరే కడిగి వచ్చేది. కడుపు పోగొట్టుకోవడానికి చాటుగా ఈ వేరు వాడి, ప్రాణమే పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి చెప్పేది. ఎవరి పేరూ చెప్పేది కాదు.

మా వైద్యం గొప్పదని సభల్లో చెప్పుకుంటాం. అబద్ధం కాదు. కానీ మా దగ్గర మిగిలింది మొక్క పేరు, వేరు. కొలత పెద్దమ్మతోనే పోయింది. కొలత లేని వేరు మందు కాదు. అన్న మోకాలు కాల్చింది మొక్క కాదు, మా సగం తెలివి.

అందుకే ఇప్పుడు గూడెం గూడెం తిరిగి ముసలివాళ్ల దగ్గర కూర్చుంటున్నాం. ఏ మొక్క, ఏ రోగానికి అని మాత్రమే అడగడం లేదు. ఎంత? ఎంతసేపు? ఎవరికి పెట్టకూడదు? వికటిస్తే ఏం చేసేవారు? ఇవన్నీ రాసుకుంటున్నాం. చెప్పలేని చోట ఖాళీ వదిలేస్తున్నాం, ఊహించి నింపడం లేదు. ఆ ఖాళీ ఉన్న మందును ఎవరూ వాడొద్దని చెబుతున్నాం.

మీ ఇంట్లో మందు ఇచ్చే ముసలివాళ్లు ఉంటే, వేరు చూపించమని అడగకండి. పట్టు వేశాక వాళ్లేం చేస్తారో పక్కన కూర్చుని చూడండి.